మల్యాల ప్రాంత రోడ్ల ఉపరితల రక్షణ: తారు ఎమల్షన్ ఎంపిక, వినియోగం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రోడ్డు పైపొరలోకి నీరు దిగకుండా మూసివేయడానికి తారు ఎమల్షన్‌ను వాడతారు. దానిని ఎలా ఎంచుకోవాలి, ఎలా పరచాలి అనే విషయాన్ని జగిత్యాల జిల్లా మల్యాల ప్రాంతపు రాయి, వాతావరణం, పంటల క్రమం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఎమల్షన్‌ను ఎంచుకోవడమంటే ప్రధానంగా అది విరిగే సమయాన్ని ఎంచుకోవడమేనన్నది ఇందులోని ప్రతిపాదన. భారతీయ ప్రమాణాలలోని ఐదు రకాల స్వభావం, డ్రమ్ములో నిజంగా ఉన్న తారు లెక్క, పరిచే క్రమంలో రంగు చెప్పే సంకేతాలు, రోడ్డు పనికి సంబంధించిన తెలుగు మాటల్లోని సందిగ్ధత ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: తారు, డాంబరు, ఎమల్షన్, విరగడం, సర్ఫేస్ డ్రెస్సింగ్, కంకర, కొండగట్టు, వృత్తిపదాలు

1. ఉపోద్ఘాతం

మల్యాల జగిత్యాల జిల్లాలోని మండల కేంద్రం. కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం ఈ మండలంలోనిదే. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం చేరే 563వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండా సాగుతుంది. రహదారి నుంచి ఊళ్ళలోకి చీలే రోడ్ల సంగతి వేరు. వరి కోతల కాలంలో వాటి మీద వడ్లు ఆరబోస్తారు. దమ్ము కాలంలో ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్ విప్పకుండానే ఒక పొలం నుంచి మరొక పొలానికి వెళతాయి. వేసవిలో మామిడి లారీలు, హనుమాన్ జయంతి రోజుల్లో భక్తుల వాహనాలు వస్తాయి. ఇంత పనిచేసే రోడ్డుకు పైన ఉండేది చాలా చోట్ల రెండు సెంటీమీటర్ల తారు కంకర పొర మాత్రమే.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆ పథకం కింద వేసిన గ్రామీణ రోడ్లలో ఎక్కువగా కనిపించేది ఈ 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ పొరే. దానిలో రాళ్ళ మధ్య ఖాళీలు ఎక్కువ. అందుకే దానిమీద సీల్‌కోటు తప్పనిసరి. సీల్‌కోటు అరిగిపోయిన తరువాత వాన నీరు ఆ ఖాళీల గుండా కిందికి దిగుతుంది. అడుగున ఉన్న కంకర, మొరం నానుతాయి. నానిన చోట చక్రం బరువుకు పొర కుంగి మొదట నెర్రె, తరువాత గుంత ఏర్పడతాయి. గుంత పడిన తరువాత చేసేది మరమ్మతు. గుంత పడకముందు చేయదగినది పైపొరను తిరిగి మూసివేయడం. దానికి అయ్యే ఖర్చు కొత్త పొర ఖర్చులో కొద్ది భాగం. అయినా ఆ పని అరుదుగా జరుగుతుంది. జరిగినప్పుడు కూడా ఏ ఎమల్షన్, ఎంత, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి తప్పు జవాబు పడి పని వృథా అవుతుంది. దీనికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. సూచనలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. పని చేసేవారు తెలుగులో మాట్లాడుకుంటారు. మధ్యలో మాట మారితే పదార్థం మారుతుంది.

2. తారు, డాంబరు, బిట్యుమెన్

మల్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వాడుక మాట డాంబర్. ఇది ఉర్దూ, హిందీల ద్వారా తెలంగాణ తెలుగులో స్థిరపడింది. కోస్తా ప్రాంతంలోనూ పాఠ్యపుస్తకాల్లోనూ తారు అనే ఆంగ్ల పదం తెలుగు రూపం వ్యాప్తిలో ఉంది. వీటికన్నా ముందునుంచి తెలుగులో కీలు అనే మాట ఉంది. నిఘంటువులు దానికి ఇచ్చే అర్థాల్లో తారు ఒకటి. ఇప్పుడది వాడుకలో దాదాపు లేదు.

చిక్కంతా తారు అనే మాట రెండు వేరు పదార్థాలకు పేరు కావడంలో ఉంది. బొగ్గును గాలి తగలకుండా వేడిచేసినప్పుడు వచ్చేది బొగ్గు తారు. ముడిచమురును శుద్ధిచేసినప్పుడు చివరకు మిగిలేది బిట్యుమెన్. నేటి రోడ్ల మీద ఉన్నది రెండోది. చూపుకు రెండూ నల్లనివే, జిగటవే. కానీ బొగ్గు తారులో క్యాన్సర్ కలిగించే బహువలయ హైడ్రోకార్బన్లు చాలా అధికం. అమెరికాలో పార్కింగు స్థలాల మీద పూసే బొగ్గు తారు సీలెంట్లను టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 2006 నుంచి, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో నిషేధించడానికి కారణం ఇదే. అక్కడి దుకాణాల్లో బొగ్గు తారు ఎమల్షన్, అస్ఫాల్ట్ ఎమల్షన్ పక్కపక్కనే అమ్ముడుపోయేవి. ఆ రెండింటినీ తెలుగులో తారు ఎమల్షన్ అని రాస్తే చదివేవారికి నిషేధం దేని మీదో తెలియదు.

మరొక తికమక అస్ఫాల్ట్‌తో వస్తుంది. అమెరికా గ్రంథాల్లో అస్ఫాల్ట్ అంటే భారతీయ ప్రమాణాలు బిట్యుమెన్ అనే జిగురే. బ్రిటిష్ వాడుకలో అస్ఫాల్ట్ అంటే ఆ జిగురు, కంకర కలిసిన మిశ్రమం. కాబట్టి అమెరికా పుస్తకంలోని అస్ఫాల్ట్ ఎమల్షన్, మన దేశపు బిట్యుమెన్ ఎమల్షన్ ఒకటే. ఈ వ్యాసంలో తారు అన్నచోటల్లా బిట్యుమెన్ అనే గ్రహించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తిపదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. పొలంలోని ప్రతి పనిముట్టు పేరునూ ప్రాంతాల వారీగా నమోదు చేసిన పద్ధతి అది. రోడ్డు పనివారి మాటలకు కూడా అదే శ్రద్ధ అవసరం. సీల్‌కోటు, ట్యాక్ కోటు, చిప్స్, డస్ట్ వంటి మాటలు ఇప్పటికే మేస్త్రీల నోళ్ళలో తెలుగై ఉన్నాయి. వాటికి సంస్కృత సమాసాలు కల్పించడం కన్నా వాటి అర్థపు హద్దులు స్పష్టంగా గీయడం మేలు.

3. విరగడం

తారు మామూలు ఉష్ణోగ్రతలో గట్టిగా ఉంటుంది. దానిని పరచాలంటే పలుచన చేయాలి. వేడి చేయడం ఒక మార్గం. వేడి మిశ్రమాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో తయారుచేస్తారు. కిరసనాయిలు వంటి నూనెలు కలపడం రెండో మార్గం. ఆ నూనె తరువాత గాలిలో కలిసిపోతుంది. మూడో మార్గం తారును అతి సూక్ష్మమైన బొట్లుగా చేసి నీటిలో నిలపడం. అదే ఎమల్షన్. వేడి తారును, ఎమల్సిఫయరు కలిపిన నీటిని కొల్లాయిడ్ మిల్లు అనే యంత్రంలోకి పంపుతారు. అక్కడ తారు మిల్లీమీటరులో వెయ్యోవంతు నుంచి వందోవంతు వరకు ఉండే బొట్లుగా చీలిపోతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఇటువంటి ద్రవాలను ప్రధానంగా మట్టి రోడ్ల మీద దుమ్ము అణచడానికి వాడారు. ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త హ్యూ అలన్ మెకే 1922లో తారు ఎమల్షన్‌కు పేటెంటు పొందాడు. కోలాస్ అనే పేరు చల్లని అస్ఫాల్ట్ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదాల కుదింపు.

తారు బొట్లు నీటిలో ఒకదానికొకటి అంటుకోకుండా ఎందుకు నిలుస్తాయి? ప్రతి బొట్టు చుట్టూ ఎమల్సిఫయరు పొర ఉంటుంది. ఆ పొర బొట్టుకు విద్యుదావేశం ఇస్తుంది. అన్ని బొట్లకూ ఒకే ఆవేశం ఉండడం వల్ల అవి ఒకదానినొకటి తోసుకుంటాయి. ఆ ఆవేశం ధనమైతే క్యాటయానిక్ ఎమల్షన్, రుణమైతే అనయానిక్ ఎమల్షన్. ఈ దశలో ద్రవం గోధుమ రంగులో ఉంటుంది. రాయిని తాకినప్పుడు ఆవేశం నశించి బొట్లు కలిసిపోతాయి. నీరు వేరై బయటికి వస్తుంది. రంగు నల్లగా మారుతుంది. ఆంగ్ల గ్రంథాలు ఈ మార్పును చెప్పే క్రియకు తెలుగులో సరైన మాట వంటింట్లోనే ఉంది. పాలు విరిగాయి అంటారు కోస్తాలో, పాలు పలిగినయి అంటారు తెలంగాణలో. పాలలో నిమ్మరసం పిండితే విరిగేది ప్రధానంగా మాంసకృత్తు, ఇక్కడ విరిగేది తారు. అయినా రెండింటిలో జరిగే పని ఒకటే. ఒకే ఆవేశం వల్ల ఎడంగా ఉన్న కణాలు ఆ ఆవేశాన్ని కోల్పోయి ముద్దకడతాయి, నీరు తేలుతుంది. ఈ పోలికను ఒకసారి చెబితే పనివారికి ఎమల్షన్ స్వభావమంతా అర్థమవుతుంది. పాలను ఎప్పుడు విరగనివ్వాలో, ఎప్పుడు విరగనివ్వకూడదో తెలియని ఇల్లు ఉండదు.

విరగడం, గట్టిపడడం ఒకటి కాదు. విరిగిన తరువాత కూడా పొరలో కొంత నీరు మిగిలి ఉంటుంది. అది ఆవిరై తారు రాయిని పూర్తిగా పట్టుకోవడానికి మరికొన్ని గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది. నల్లబడింది కదా అని వెంటనే వాహనాలను వేగంగా వదిలితే చిప్స్ ఊడిపోతాయి.

4. మల్యాల రాయి

కరీంనగర్ గ్రానైటు దేశవిదేశాలకు ఎగుమతి అవుతుంది. మల్యాల చుట్టూ కనిపించే గుట్టలు కూడా ప్రధానంగా ఆ గ్రానైటు జాతి శిలలే. రోడ్డు కంకర కూడా అటువంటి రాయి నుంచే వస్తుంది. గ్రానైటులో సిలికా అధికం. తడిసినప్పుడు దాని ఉపరితలం రుణావేశాన్ని సంతరించుకుంటుంది. ధనావేశం గల క్యాటయానిక్ బొట్లు ఆ రాయివైపు ఆకర్షితమై, నీటిని పక్కకు నెట్టి అంటుకుంటాయి. అనయానిక్ ఎమల్షన్ అయితే రాయి, బొట్టు రెండూ రుణావేశం గలవే కావడం వల్ల నీరు ఆవిరయ్యే వరకు వేచి ఉండాలి. ఈలోగా వాన వస్తే కడుక్కుపోతుంది. తాండూరు, పల్నాడు ప్రాంతాల సున్నపురాయి సంగతి వేరు. దాని ఉపరితలం ధనావేశం వైపు మొగ్గుతుంది కాబట్టి దానిమీద అనయానిక్ ఎమల్షన్ కూడా బాగా పట్టుకుంటుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ రోడ్డు ఎమల్షన్‌కు ఇచ్చిన ప్రమాణం ఐఎస్ 8887. అది క్యాటయానిక్ రకానికే పరిమితం. మల్యాలకు సంబంధించినంతవరకు ఇది అనుకూలం. ఎంపికలో మొదటి ప్రశ్నకు జవాబు ప్రమాణమే చెప్పేసింది. కానీ రాయి మీద క్రషర్ డస్ట్ పేరుకుని ఉంటే ఈ అనుకూలత అంతా పోతుంది. ఎమల్షన్ ముందుగా దుమ్మును తాకి దానిమీదే విరుగుతుంది. రాయికి, తారుకు మధ్య పిండి పొర మిగులుతుంది. చిప్స్‌ను కడిగి వాడాలని చెప్పేది ఇందుకే. వేడి తారుతో పనిచేసి అలవాటైనవారు తడి చిప్స్ అంటే భయపడతారు. ఎమల్షన్ విషయంలో ఆ భయం అనవసరం. తేమగా ఉన్న రాయి దానికి అభ్యంతరం కాదు, నీరు కారుతున్న రాయి అభ్యంతరం. పొడిదుమ్ము మాత్రం రెండు పద్ధతుల్లోనూ శత్రువే.

5. ఐదు రకాలు, ఒకే ప్రశ్న

ఐఎస్ 8887లో ఐదు రకాలున్నాయి. త్వరగా విరిగేవి ఆర్‌ఎస్-1, ఆర్‌ఎస్-2. మధ్యస్థంగా విరిగేది ఎంఎస్. ఆలస్యంగా విరిగేవి ఎస్‌ఎస్-1, ఎస్‌ఎస్-2. డ్రమ్ము మీది అక్షరాలు నాణ్యతా శ్రేణులు కావు. ఆర్‌ఎస్ గొప్పదీ కాదు, ఎస్‌ఎస్ తక్కువదీ కాదు. అక్షరాలు చెప్పేది సమయం. ఎమల్షన్ చేయవలసిన పనికి ఎంత వ్యవధి కావాలి అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఎంపిక దాదాపు పూర్తవుతుంది.

పాత తారు రోడ్డు మీద కొత్త వేడి పొర వేసే ముందు రెండూ అతుక్కోవడానికి చల్లే పలుచని పూత ట్యాక్ కోటు. చల్లిన వెంటనే విరగడం దీనికి కావాలి. అందుకు ఆర్‌ఎస్-1. సర్ఫేస్ డ్రెస్సింగ్‌లో తారు చల్లి, దానిమీద ఒకే వరుస చిప్స్ పరిచి రోలరుతో అదుముతారు. చిప్స్ పడే వరకు ద్రవంగా ఉండి, పడగానే పట్టుకోవాలి. ఏటవాలులో జారిపోకుండా చిక్కగా కూడా ఉండాలి. అందుకు ఆర్‌ఎస్-2. దానిలో తారు పాలు ఎక్కువ, చిక్కదనం ఎక్కువ. ఎంఎస్ రకం ముతక కంకరతో కలిపి చల్లని మిశ్రమం చేయడానికి. కలిపి, మోసుకెళ్ళి, పరిచేంత వరకు అది విరగకూడదు. సన్నని ఇసుక, డస్ట్ ఎక్కువగా ఉన్న మిశ్రమంలో ఉపరితల విస్తీర్ణం విపరీతంగా పెరుగుతుంది కాబట్టి ఎమల్షన్ ఇంకా నిదానంగా విరగాలి. స్లర్రీ సీల్‌కు, సన్నరకం చల్లని మిశ్రమాలకు ఎస్‌ఎస్-2 అందుకే. ఎస్‌ఎస్-1 పలుచనిది. కంకర పొరలోకి ఇంకే ప్రైమ్ కోటుకు, సన్నని నెర్రెలు పూడ్చడానికి, వయసు మీరి పొడిబారిన తారు రోడ్డు మీద చల్లే ఫాగ్ సీల్‌కు తగినది.

మల్యాల పరిసరాల్లోని గ్రామీణ రోడ్లకు ఈ వివరణను అన్వయించి చూడాలి. రోడ్డు నల్లదనం పోయి బూడిదరంగుకు తిరిగింది, కంకర ఇంకా ఊడలేదు, నెర్రెలు వెంట్రుకంత సన్నవి. ఇది ఫాగ్ సీల్ దశ. ఎస్‌ఎస్-1ను సమపాళ్ళ నీటితో పలుచన చేసి చదరపు మీటరుకు అర లీటరు నుంచి ఒక లీటరు వరకు చల్లితే సరిపోతుంది. కంకర ఊడడం మొదలై పైభాగం గరుకుగా, గుల్లగా ఉంటే ఫాగ్ సీల్ చాలదు. ఆర్‌ఎస్-2తో సర్ఫేస్ డ్రెస్సింగ్ గానీ, స్లర్రీ సీల్ గానీ కావాలి. మల్యాల వంటి మండల కేంద్రపు ప్రధాన వీధుల్లో మైక్రోసర్ఫేసింగ్ మేలైన మార్గం. పాలిమరు కలిపిన ఎమల్షన్‌ను సన్నకంకర, సిమెంటు, నీటితో యంత్రంలోనే కలిపి నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందాన పరిచే పద్ధతి అది. దానిలో రాళ్ళు ఊడి దుకాణాల్లోకి ఎగరవు, రోడ్డును కొద్ది గంటల్లోనే తెరవవచ్చు. అయితే దానికి ప్రత్యేక యంత్రం కావాలి. పది పదిహేను కిలోమీటర్ల పని ఒకేచోట కూడగట్టకపోతే గుత్తేదారు ఆ యంత్రాన్ని తీసుకురాడు.

ఇక ఎండిన చెరువు మట్టిలా రోడ్డు దగ్గర దగ్గరగా నెర్రెలిచ్చి, చక్రం దారిలో కుంగి ఉంటే ఏ ఎమల్షనూ పనికిరాదు. రోగం పైపొరలో లేదు, అడుగున ఉంది. పక్కన కాలువ తీయకుండా, పొలం నీరు రోడ్డు అంచున నిలవకుండా చూడకుండా పైన ఎంత మూసినా నీరు పక్కనుంచి వస్తూనే ఉంటుంది. శ్రీరాంసాగర్ ఆయకట్టులో పొలం మట్టం, రోడ్డు మట్టం దాదాపు సమానంగా ఉన్న చోట్ల ఈ సమస్య ప్రత్యేకంగా గమనించదగినది. కేజ్ వీల్స్ కోసిన అంచులను కూడా ముందుగా కంకర మిశ్రమంతో కట్టాలి. సీల్ పని ఆ తరువాతే.

6. డ్రమ్ములో తారు ఎంత?

ఎమల్షన్‌లో నీరు ఉంటుందన్న సంగతి అందరికీ తెలుసు. లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచిపోతారు. ప్రమాణం ప్రకారం నీరు ఆవిరైన తరువాత మిగలవలసిన కనీస శేషం ఆర్‌ఎస్-1లో 60 శాతం, ఆర్‌ఎస్-2లో 67 శాతం, ఎంఎస్‌లో 65 శాతం, ఎస్‌ఎస్-1లో 50 శాతం, ఎస్‌ఎస్-2లో 60 శాతం. అంటే 200 కిలోల ఆర్‌ఎస్-2లో 134 కిలోల తారు ఉంటే, అదే బరువు గల ఎస్‌ఎస్-1లో 100 కిలోలే. రెండింటి ధరలనూ డ్రమ్ము చొప్పున పోల్చడం పాలను, మజ్జిగను లీటరు చొప్పున పోల్చడమే.

ఒక రోడ్డుకు చదరపు మీటరుకు ఒక కిలో తారు మిగలాలని నిర్ణయించారనుకుందాం. ఆర్‌ఎస్-2 అయితే చల్లవలసినది ఒకటిని 0.67తో భాగించగా వచ్చే దాదాపు ఒకటిన్నర కిలో. నిర్ణయంలోని ఒక కిలోను ఎమల్షన్ బరువుగా పొరబడి చల్లితే మిగిలేది 670 గ్రాములే. చిప్స్ మొదటి వానకే కొట్టుకుపోతాయి. ఫాగ్ సీల్‌లో ఎస్‌ఎస్-1కు సమానంగా నీరు కలిపితే శేషం 25 శాతానికి దిగుతుంది. లీటరు చల్లినా మిగిలేది పావుకిలో. ఇది పొరపాటు కాదు, ఆ పనికి అంతే కావాలి. కానీ అంచనా పత్రంలో రాసిన పరిమాణం నీరు కలపకముందుదా, కలిపిన తరువాతదా అన్నది స్పష్టంగా లేకపోతే సగం పని మాయమవుతుంది. తనిఖీ చేసేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

పలుచన చేయడంలోనూ నియమాలున్నాయి. ఎస్‌ఎస్ రకాన్నే పలుచన చేయాలి, ఆర్‌ఎస్‌ను కాదు. ఎమల్షన్‌లోకి నీటిని నిదానంగా పోస్తూ కలపాలి. నీటిలోకి ఎమల్షన్ పోస్తే విరిగే ప్రమాదం ఉంది. బోరు నీటిలో లవణాలు ఎక్కువైతే అది కూడా విరగడానికి కారణం కావచ్చు. ముందుగా ఒక చిన్న డబ్బాలో కలిపి, కొంతసేపు నిలిపి, జల్లెడ గుండా పోసి చూస్తే తెలిసిపోతుంది. జల్లెడ మీద నల్లని ముద్దలు మిగిలితే ఆ నీరు పనికిరాదు. చాలాకాలం నిలవున్న డ్రమ్మును వాడే ముందు అటూఇటూ దొర్లించాలి. అడుగున తారు పేరుకున్న డ్రమ్ములో పైభాగాన మిగిలేది రంగునీళ్ళే. క్యాటయానిక్, అనయానిక్ ఎమల్షన్లను ఒకే ట్యాంకులో కలపరాదు. పరస్పర విరుద్ధమైన ఆవేశాలు కలిసి మొత్తం ట్యాంకే విరిగి గడ్డకడుతుంది.

7. గోధుమ రంగు మీదనా, నలుపు మీదనా?

పరిచే క్రమంలో మొదటిది శుభ్రత. గుంతలు పూడ్చి, నెర్రెలు నింపి, ఆ పని గట్టిపడిన తరువాత రోడ్డును యంత్రపు చీపురుతోనూ గాలి కంప్రెసరుతోనూ ఊడ్చాలి. మల్యాల వంటి చోట ఎండిన బురద పెళ్ళలు, వడ్ల పొట్టు రోడ్డుకు అతుక్కుని ఉంటాయి. వాటిని పారతో గీకి తీయాలి.

చల్లడానికి ప్రెషరు ట్యాంకరు ఉత్తమం. చిల్లుల డబ్బాతో చేతితో చల్లితే ఒకచోట చార, ఒకచోట మడుగు ఏర్పడతాయి. ట్యాంకరు గొట్టం ఎత్తు, నాజిల్స్ కోణం సరిగా ఉంటే ప్రతి చోటా రెండు మూడు నాజిల్స్ ధారలు కలుస్తాయి. నాజిల్ ఒక్కటి మూసుకుపోయినా రోడ్డు పొడవునా ఒక సన్నని గీత తారు లేకుండా మిగులుతుంది. ఆ గీత మీద చిప్స్ నిలవవు. ఎంత చల్లుతున్నారో తెలుసుకోవడానికి బరువు తూచిన రేకు పళ్ళాన్ని ట్యాంకరు దారిలో ఉంచి, చల్లిన వెంటనే మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువును పళ్ళెం విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. ఒక తక్కెడ, ఒక రేకు చాలు. మొదలుపెట్టే చోట, ఆపే చోట అట్టలు పరిచి వాటిమీదుగా చల్లితే అతుకులు రెట్టింపు కావు.

తరువాతి ఘట్టంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ట్యాక్ కోటులో ఎమల్షన్ పూర్తిగా విరిగి నల్లబడిన తరువాతే పైన వేడి మిశ్రమం పరచాలి. గోధుమ రంగు మీద పరిస్తే నీరు పొరల మధ్య చిక్కుతుంది. రెండు పొరలూ అతకవు. సర్ఫేస్ డ్రెస్సింగ్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎమల్షన్ ఇంకా గోధుమ రంగులో ఉండగానే చిప్స్ పడాలి, రోలరు తొలి విడత నడవాలి. నల్లబడిన తరువాత వేసిన చిప్స్ పైన నిలబడతాయే గానీ కూరుకోవు. ఒకే ముఠా ఉదయం ట్యాక్ కోటు, మధ్యాహ్నం సర్ఫేస్ డ్రెస్సింగ్ చేసే చోట ఈ తేడా చెప్పకపోతే ఒక పని అలవాటు రెండో పనిని చెడగొడుతుంది. ట్యాక్ కోటుకు నలుపు మీద, చిప్స్‌కు గోధుమ మీద అని మేస్త్రీకి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఆ రెండు ముక్కలు తెలుగులో రాసి ట్యాంకరు మీద అతికించడానికి ఏ ప్రమాణమూ అడ్డు చెప్పదు.

కాబట్టి ట్యాంకరు వెనుకే చిప్స్ లారీ సిద్ధంగా ఉండాలి. చిప్స్ పరిచే వేగానికి మించి ఎమల్షన్ చల్లకూడదు. ఇనుప రోలరు చిప్స్‌ను నలగగొడుతుంది. రబ్బరు టైర్ల రోలరు వాటిని ఒరిపిడితో సర్ది కూర్చుండబెడుతుంది. తొలి గంటల్లో వాహనాలను 20, 30 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపించడం అవసరం. మిగిలిపోయిన వదులు చిప్స్‌ను మర్నాడు ఉదయం చల్లబడి ఉండగా ఊడ్చాలి.

వేడి తారు పనిలో ఉండే మంట, పొగ, కాలిన గాయాలు ఎమల్షన్ పనిలో చాలావరకు తప్పుతాయి. కూలీలకు ఇది చిన్న లాభం కాదు. అయినా క్యాటయానిక్ ఎమల్షన్‌లో ఆమ్లం ఉంటుంది కాబట్టి చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. విరగకముందు వాన పడితే గోధుమ రంగు నీరు పక్కనున్న కుంటలోకి పారుతుంది. మబ్బు పట్టిన రోజు చెరువు కట్ట రోడ్డు మీద పని మొదలుపెట్టకపోవడమే వివేకం.

8. ఘాట్‌రోడ్డు మీద అతి

తక్కువ చల్లడం కన్నా ఎక్కువ చల్లడం కొన్ని చోట్ల ప్రమాదకరం. అదనపు తారు వేసవిలో మెత్తబడి పైకి ఉబికి, చిప్స్‌ను ముంచి, రోడ్డును అద్దంలా నునుపు చేస్తుంది. తొలకరి జల్లు పడగానే దానిమీద టైరు పట్టు తప్పుతుంది. సమతలంపై ఇది ఇబ్బంది, వాలులో ప్రాణాపాయం. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డు దిగుతున్న ప్రయాణికుల బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన కారణాల చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అయితే ఆ తరువాత ఇటువంటి వాలు రోడ్డు మీద ఏ పూత పూసినా ముందుగా అడగవలసిన ప్రశ్న నీరు ఆగుతుందా అన్నది మాత్రమే కాదు, టైరు ఆగుతుందా అన్నది కూడా.

ఫాగ్ సీల్ రోడ్డు గరుకుదనాన్ని కొంత తగ్గిస్తుంది. వాలులోనూ మలుపుల వద్దా దానిని వాడకపోవడం మంచిది. అక్కడ పదునైన అంచులు గల గట్టి చిప్స్‌తో సర్ఫేస్ డ్రెస్సింగ్ గానీ, మైక్రోసర్ఫేసింగ్ గానీ తగినవి. వాలులో పలుచని ఎమల్షన్ కిందికి జారి పైభాగం ఎండిపోయి, కింది అంచున మడుగు కడుతుంది. ఆర్‌ఎస్-2 చిక్కదనం ఇక్కడ అక్కరకు వస్తుంది. చదునైన రోడ్డుకు నిర్ణయించిన పరిమాణాన్నే ఘాట్‌కు వాడకుండా, పాత ఉపరితలం ఎంత తారు పీల్చుతుందో ప్రతి వంద మీటర్లకూ చూసి తగ్గించడం, పెంచడం చేయాలి.

9. ఏ నెలలో?

వాన, పొగమంచు, ధూళిగాలి ఉన్నప్పుడు, గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడు ఈ పనులు చేయకూడదని ప్రమాణాలు చెబుతాయి. మల్యాలలో 10 డిగ్రీల చలి డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప అరుదు. ఇక్కడ ఎండ పెద్ద సమస్య. జగిత్యాల జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అపురూపం కాదు. అప్పుడు రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలకు మించి కాగుతుంది. ఆర్‌ఎస్-2 చల్లిన కొద్ది క్షణాల్లోనే పైన నల్లని తోలు కడుతుంది, లోపల ఇంకా గోధుమ రంగే ఉంటుంది. చిప్స్ ఆ తోలును చీల్చుకుని దిగవు. వేసవిలోనే పని తప్పనిసరి అయితే ఉదయపు తొలి గంటలే అనువైనవి.

ప్రమాణాల్లో రాయని మరొక పంచాంగం కూడా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరుల్లో వానాకాలం వరి కోతలు, రోడ్ల మీద వడ్లు. కొత్తగా పూసిన పొర మీద వడ్లు పోస్తే గింజకు తారు అంటుతుంది, రైతు పారతో ఎత్తేటప్పుడు చిప్స్ కూడా లేస్తాయి. ఇద్దరికీ నష్టమే. డిసెంబరు, జనవరిల్లో యాసంగి నాట్ల కోసం దమ్ము, మళ్ళీ కేజ్ వీల్స్. ఏప్రిల్ నుంచి యాసంగి కోతలు, మామిడి లారీలు, 40 డిగ్రీలు దాటే ఎండలు. వీటన్నిటి మధ్య ఖాళీగా మిగిలేది ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య వరకు ఉన్న ఆరువారాలే. నాట్లు ముగిసి ట్రాక్టర్లు ఇళ్ళకు చేరతాయి. పగటి ఎండ ఎమల్షన్ విరగడానికి చాలినంతగా ఉంటుంది. ఉదయపు మంచు ఆరిన తరువాత తొమ్మిది, పది గంటలకు మొదలుపెట్టి, సాయంత్రం లోపు చల్లినదంతా విరిగేలా మూడు గంటలకల్లా ట్యాంకరు ఆపాలి. బిల్లుల గడువు కోసం మార్చి చివరి వారంలో హడావుడిగా పని మొదలయ్యే అలవాటు ఈ ఆరువారాల్లో అధికభాగాన్ని మింగేస్తుంది. ఎమల్షన్‌కు ఆర్థిక సంవత్సరం తెలియదు.

కొండగట్టు దారులకు మరొక గడువు ఉంది. చైత్ర పౌర్ణమి నాటి చిన్న హనుమాన్ జయంతికి, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికి దీక్షాధారులు వేల సంఖ్యలో వస్తారు. వారిలో చాలామంది ఊళ్ళ నుంచి చెప్పులు లేకుండా నడిచే వస్తారు. సర్ఫేస్ డ్రెస్సింగ్ చేసిన రోడ్డు మీద మొదటి ఊడ్పు తరువాత కూడా చిప్స్ రాలుతూ రెండు మూడు వారాల్లో అంచులకు చేరతాయి. నడిచేవారు వచ్చేదీ ఆ అంచునే. కాబట్టి చైత్ర పౌర్ణమికి కనీసం మూడు వారాల ముందు సీల్ పని ముగించి, జయంతికి ముందు అంచుల వెంట రెండో ఊడ్పు చేయించడానికి అయ్యే కూలిని కూడా అంచనా పత్రంలోనే చేర్చాలి.